ఉప్పు తాగిన తోట

"చచ్చిపోయిందండీ! మొత్తం చచ్చిపోయింది!"

సుమతి వేసిన కేకకి వీధి చివర ఆగి ఉన్న పాలవాడి సైకిలు దానంతటదే బెల్లు కొట్టుకుంది. గేటు మీద వాలిన కాకి లేచి, పెడన దాటాక గానీ వెనక్కి తిరిగి చూడలేదు.

గోవర్ధనరావు నోట్లో బ్రష్షుతోనే వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు? అమ్మా?"

"మీ అమ్మకేం, గుండ్రాయిలా ఉంది. నా లాన్ చచ్చిపోయింది."

గోవర్ధనరావు కంగారులో నురగంతా మింగేశాడు.

నిన్నటిదాకా ఆ గడ్డి ఎంత నున్నగా ఉండేదంటే, దోమ వాలితే జారిపడి నడుం విరగ్గొట్టుకునేది. కడియం నుంచి పరుపుల్లా చుట్టి లారీలో తెప్పించారు. బందరు ఉప్పునేల దాని వేళ్ళకి తగలకూడదని, ముందు ట్రాక్టర్లతో చెరువుమట్టి తోలించి, మంచం ఎత్తున పోయించి, దాని మీద పరిచారు. ఇప్పుడది ఎండిన కొబ్బరిపీచులా ఉంది. గులాబీలు తలలు వేలాడేశాయి. క్రోటన్ల ఆకుల అంచులు అట్టు మాడినట్టు మాడాయి.

"సాయంత్రం వాళ్ళంతా వస్తున్నారు" అంది సుమతి. ఈసారి కేక వెయ్యలేదు. అదే భయంగా ఉంది.

నెలకో శనివారం కాలనీ ఆడవాళ్ళంతా ఒకరి తోటకి వెళ్తారు. ఎవరి మొక్క ఎంత ఎదిగిందో చెప్పుకుంటారు, టీ తాగుతారు, ఎదురుగా మెచ్చుకుంటారు, గేటు దాటాక తిట్టుకుంటారు. ఈ నెల వంతు సుమతిది. ఈ రోజు కోసమే గుడివాడలో పుట్టింటికి కూడా వెళ్ళకుండా గడ్డికి కాపలా కాసింది.

"మీ అమ్మే చేసింది."

"చూశావా?"

"చూడాలా? మొన్న కొత్తగా పెట్టించిన పూల ఆర్చికి సొరచేప ముక్కలు ఎండేసింది ఎవరు? నా తల మీద చెయ్యేసి ఏమని ఒట్టేశారు?"

గోవర్ధనరావుకి ఒట్టు గుర్తుంది. 'ఇంకొక్కసారి అమ్మ తోటలో వేలు పెడితే నేనే ఆటో ఎక్కించి పల్లెలో దింపేస్తాను' అన్నాడు. మంగినపూడి దగ్గర పల్లెలో వాళ్ళ పాత ఇంటికి ఇప్పుడు నాలుగు గోడలున్నాయి. కప్పుని గాలి ఎప్పుడో పట్టుకుపోయింది.

ఆ సమయానికి సత్యవతమ్మ పెరట్లో చద్దన్నం తింటోంది. నెత్తిన చేపల గంపతో బందరు వీధులు అరిగిపోయేలా తిరిగి కొడుకుని పెంచిన మనిషి ఆవిడ. ఆ కొడుకు ఐస్ ఫ్యాక్టరీ పెట్టి, మేడ కట్టి, గుడివాడ పిల్లని చేసుకున్నాక గంప దింపింది. గొంతు మాత్రం దింపలేదు.

"అత్తయ్యా, ఇటు రండి!"

"తింటున్నానే."

"మీరు తినడం ఇప్పట్లో అయ్యేది కాదుగా. మధ్యలోనే రండి."

సత్యవతమ్మ తాపీగా చెయ్యి కడుక్కుంది. తోట మూలనున్న నిమ్మచెట్టు దగ్గరికెళ్ళి, ఓ కాయ కోసి, చెక్క చేసి, రెండు చేతులకీ రుద్దుకుంది. ఆ ఇంట్లో అది రూలు. నిమ్మకాయ రుద్దకుండా ఆవిడ గుమ్మం దాటకూడదు, మంచం ముట్టుకోకూడదు.

రూలు కోడలిదే గానీ చెట్టు కోడలిది కాదు. ఆవిడ మొగుడు గంగన్న దివిసీమ నుంచి పడవలో మొక్కగా తెచ్చి ఇచ్చాడు. "చేపల చేత్తో ముద్ద కలిపి పెడుతున్నావ్, ముందిది రుద్దుకోవే" అని నవ్వాడు. తర్వాత గంగన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. పల్లెలో తాగడానికే మంచినీళ్ళు దొరకని రోజుల్లో ఆవిడ ఆ చెట్టుకి బిందెడు పోసి, తను సగం దాహంతో పడుకుంది. కొడుకు మేడ కట్టాక చెట్టుని మట్టి గడ్డతో సహా పెళ్ళగించి, రిక్షాలో పెళ్ళికూతురిలా కూర్చోబెట్టి, తను పక్కన నడుచుకుంటూ బందరు తెచ్చింది.

"ఏంటే గోల?"

"మీరేం పోశారు నా లాన్‌లో?"

"నేనా? నీ గడ్డి మీద నేను ఉమ్మనైనా ఉమ్మలేదు. ఉమ్మితే ఎండిపోద్దని నువ్వే అన్నావుగా."

"కంపు చూడండి, చేపల కంపు!"

"మరి ఈ ఇల్లే చేపల మీద లేచింది. ఏ మూల గీకినా అదే కంపు. నిన్న రాత్రి మూడోసారి పులుసు వేయించుకున్నప్పుడు రాలేదా కంపు?"

"ఏమండీ, విన్నారా?"

గోవర్ధనరావు విన్నాడు. వినడం ఆయనకి బాగా వచ్చు. ఐస్ ఫ్యాక్టరీలో ఐసు కరిగినా ఆయన నోట మాట కరగదు.

"నీళ్ళకి ఏడ్చి చేశారు" అంది సుమతి. "నాకు తెలుసు."

బందరులో చాలా ఇళ్ళలాగే ఆ తోటలోనూ రెండు పంపులున్నాయి. ఒకటి మున్సిపాలిటీ మంచినీళ్ళది. సాయంత్రం కాసేపు వస్తుంది. రెండోది బోరుది. ఎప్పుడు తిప్పినా వస్తుంది, ఉప్పు కషాయం. సుమతి కాపురానికి వచ్చాక మంచినీళ్ళు గడ్డికి, బోరు నీళ్ళు అత్తగారి స్నానానికి అని పంచింది. ఆ నీళ్ళతో సత్యవతమ్మ జుట్టు కొబ్బరితాడైంది. ఒంటి మీద గోకితే తెల్లగా రాలుతుంది.

"ఏడవలేదు. నీ గడ్డి నాకంటే అదృష్టం చేసుకుందనుకున్నా" అంది సత్యవతమ్మ. "ఆ అదృష్టం తీరిపోయిందన్నమాట." నవ్వింది.

ఆ నవ్వు చూసి సుమతి తల తిప్పేసుకుంది. కోపం ఒక్కటే కాదు, ఇంకో కారణం కూడా ఉంది.

గడ్డిలో ఏం పోశారో సుమతికి తెలుసు. పోసింది తనే.

పక్కింటి రెబెకా తోటంటే ఆ కాలనీలో ఒక పేరు. ఆవిడ తపాలా ఆఫీసులో పని చేస్తుంది. ఆదివారం చర్చిలో బల్ల మీద ఉండేవి ఆవిడ గులాబీలే. ఏం వేస్తావని ఎవరడిగినా "ప్రార్థన" అంటుంది. కిందటి శనివారం బజారు నుంచి తిరుగుదారిలో ఎదురింటి శ్రీదుర్గ సుమతి చెవిలో ఊదింది. "ప్రార్థనా పాడా! చేపలు కడిగిన నీళ్ళు వదినా. రోజూ పొద్దున్నే మీ అత్తగారే వెనక గోడ మీంచి బకెట్టు అందిస్తుంది. మీ ఇంటి చేపలతో ఆవిడ ఇంట్లో పువ్వులు!"

ఆ రాత్రి సుమతికి నిద్ర లేదు. చేప పేరెత్తితే ముక్కు మూసుకునే తను అత్తగారి దగ్గరికెళ్ళి ఆ నీళ్ళు అడగలేదు. అందుకే చీకటి పడే వేళ, కొంగు ముక్కుకి బిగించి కట్టుకుని, పెరట్లో చేపలు కడిగే సిమెంటు తొట్టి నుంచి దొంగతనంగా బిందెలు ముంచుకుని, రోజూ తోటంతా తడిపింది. పైన చేప తలకాయలు తేలుతున్నాయి గదా, అవే నీళ్ళనుకుంది. అడుగున ఏముందో చెయ్యి పెట్టి చూడలేదు. చెయ్యి పెట్టే మనిషి కాదు గదా.

ఇప్పుడు గడ్డి పోయింది, కారణం చెప్పే దారి లేదు. మిగిలింది అత్తగారొక్కతే.

"సాయంత్రం వాళ్ళు వెళ్ళేదాకా చూస్తాను" అంది మొగుడితో. "తర్వాత ఆటో పిలవండి. ఆవిడో నేనో."

గోవర్ధనరావు బ్రష్షు కడుక్కున్నాడు.

మధ్యాహ్నానికి సుమతికి ఒక ఉపాయం తట్టింది. షామియానా షాపు నుంచి పెళ్ళిళ్ళలో పరిచే పచ్చ కార్పెట్టు తెప్పించి, చచ్చిన గడ్డి మీద అంచు నుంచి అంచుకి పరిపించింది. కార్పెట్టు మీద పోయిన పెళ్ళి తాలూకు పులిహోర మెతుకులున్నాయి. వాటిని తనే ఏరింది. వాడిన గులాబీలకి బజారు నుంచి తెచ్చిన గులాబీలు దారంతో కట్టింది. దూరం నుంచి చూస్తే ఇంద్రుడి తోట. దగ్గర్నుంచి చూస్తే శోభనం గది.

ఎండ కాస్త వాలగానే ఆడవాళ్ళు వచ్చారు. అందరికంటే ముందు శ్రీదుర్గ, ఆ వెనక రెబెకా.

"మా బీరపాదు సంగతి విన్నారా?" అంటూనే గేటు తీసింది శ్రీదుర్గ. "డాబా ఎక్కి, పక్కింటోళ్ళ కేబుల్ వైరు పట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు వాళ్ళ టీవీలో ఏ చానలు పెట్టినా పచ్చపువ్వులేనంట. మీ గులాబీ ఎంతదాకా వచ్చింది రెబెకా గారూ?"

"ఏదో, దేవుడి దయ. కిందటి ఆదివారం బల్ల మీద పెడితే పాస్టరు గారు కనపడలేదు. ప్రసంగం పువ్వే చేసిందనుకున్నారు అంతా." రెబెకా పెడన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తోటంతా కళ్ళతో కొలిచింది. "మీ లాన్ భలే సమంగా ఉందండీ సుమతి గారూ. ఇస్త్రీ చేశారా?"

"రోజూ కట్ చేయిస్తానండీ. కుర్చీల్లో కూర్చోండి, అటు వెళ్ళకండి, ఇప్పుడే నీళ్ళు పెట్టాను."

"చెప్పులు విప్పి నడుస్తాం లేండి. గడ్డి మీద నడిస్తే కళ్ళకి మంచిది."

"వద్దండీ!"

రెబెకా అప్పటికే కాలు పెట్టేసింది. కాలు పెట్టి ఆగింది. బొటనవేలితో నొక్కి చూసింది.

అంతలో గోడ మీంచి ఒక పిల్లి దూకింది. దాని వెనక ఇంకోటి. కార్పెట్టు కింద ఎండకి ఉడికిన నీచువాసనకి బందరు పిల్లులన్నీ కదిలాయి. చిలకలపూడి పిల్లులు కొంచెం ఆలస్యంగా వచ్చాయి, దూరం గదా. అన్నీ కలిసి కార్పెట్టు అంచు పట్టుకుని పీకడం మొదలెట్టాయి.

"వీటికి కూడా మీ లాన్ నచ్చిందండీ" అంది రెబెకా. వంగి, రెండు వేళ్ళతో అంచు పైకెత్తింది.

కింద గోధుమరంగు చావు. దాని మీద అక్కడక్కడ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

శ్రీదుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జాలితో కాదు, భుజాలు ఊగుతున్నాయి.

"మా అత్తగారు!" అంది సుమతి. "కుళ్ళుకుని చేసిందండీ. నేను నలుగురిలో బాగుంటే ఓర్వలేదు. చేపల నీళ్ళు తెచ్చి పోసింది. ఏమండీ, బయటికి రండి! అందరి ముందూ తేలిపోవాలి!"

గోవర్ధనరావు కొత్తగా కొన్న సెల్ ఫోను చెవికి పెట్టుకుని బయటికి వచ్చాడు. ఫోనులో ఎవరూ లేరు. వెనకే సత్యవతమ్మ వచ్చింది.

"ఏమ్మా రెబెకా" అంది సత్యవతమ్మ నెమ్మదిగా. "చేపల నీళ్ళకి మొక్క చస్తదా? రోజూ పొద్దున్నే వెనక గోడ దగ్గర 'పెద్దమ్మా, పెద్దమ్మా' అని బకెట్టు పట్టుకెళ్తావు గదా. నువ్వు చెప్పమ్మా వీళ్ళకి. నన్ను పల్లెకి పంపేస్తామంటున్నారు. నువ్వొక్క మాట చెబితే చాలు."

అందరి తలలూ రెబెకా వైపు తిరిగాయి. రెబెకా కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ళ ప్రార్థన బకెట్లో పడుతుంది.

"ఈవిడ ఎవర్ని చూసి ఎవరనుకుంటోందో" అంది. "పాపం, పెద్దవయసు. మా ఇంట్లో చేపలే వండం. ఆయనకి పడవు."

"పడవా? మొన్న పండుగొప్ప తల నీకిస్తే..."

"సుమతి గారూ, పెద్దవాళ్ళని ఒంటరిగా వదలకండి. డాక్టరుకి చూపించండి."

సత్యవతమ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. రెబెకా మాత్రం క్రోటన్లని చూస్తూ ఉండిపోయింది.

"సరే" అంది సత్యవతమ్మ. నడుం మీద చేతులు పెట్టుకుంది. గంప దించినప్పటి నుంచి బయటికి రాని గొంతు, రోడ్డు ఆ చివరి గుమ్మాలు తెరిపించే గొంతు, ఇప్పుడు బయటికొచ్చింది. "అయితే వినండి. పోసింది నేను కాదు, నా కోడలు. చీకటి పడగానే ముక్కుకి గుడ్డ కట్టుకుని, బందిపోటు దొంగలాగా నా తొట్టి దగ్గరికొచ్చి బిందెలు ముంచుకుపోయింది. వంటింటి కిటికీలోంచి రోజూ చూశా. చూసి చూసి ఏం చేశానో తెలుసా? ఐస్ ఫ్యాక్టరీకని తెచ్చి పెరట్లో పెట్టిన కల్లుప్పు బస్తా దొర్లించుకొచ్చి తొట్టిలో గుమ్మరించా. పైన నాలుగు తలకాయలు తేలేశా, అమ్మాయిగారికి అనుమానం రాకుండా! బిందె ముంచిన ప్రతిసారీ మళ్ళీ ఉప్పేశా. పోసింది అది, కలిపింది నేను. ఇద్దరం కలిసి చేసిన పని ఇదొక్కటే ఈ ఇంట్లో!"

శ్రీదుర్గ ఇంక ఆపుకోలేక కుర్చీలో కూలబడి నవ్వింది. మిగతావాళ్ళు కూడా నవ్వారు. రెబెకా అందరికంటే గట్టిగా నవ్వింది.

సుమతి మొహం తెల్లబడింది.

"ఏరా" అంది సత్యవతమ్మ కొడుకు వైపు తిరిగి. "ఇప్పుడు చెప్పు. ఎవర్ని ఆటో ఎక్కిస్తావు?"

గోవర్ధనరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెళ్ళాన్ని చూశాడు, తల్లిని చూశాడు, కార్పెట్టు మీద దెబ్బలాడుకుంటున్న పిల్లుల్ని చూశాడు.

"దానిది గుడివాడమ్మా. బస్సెక్కాలి" అన్నాడు. "నీదైతే దగ్గర. ఆటోలో అయిపోతుంది."

నవ్వులు ఆగిపోయాయి.

సత్యవతమ్మ నడుం మీది చేతులు దించి, మూట కట్టుకోడానికి లోపలికి నడిచింది.

ఆడవాళ్ళు టీ తాగకుండానే లేచారు. గేటు దాటేదాకా మర్యాదగా ఉన్నారు. ఆ తర్వాత వీధి పొడుగునా ఇకఇకలు వినిపిస్తూనే ఉన్నాయి.

ఏసుబాబు ఆటో వచ్చింది. మూట, మంచం, కత్తిపీట వెనక కట్టారు. సత్యవతమ్మ ఎక్కి కూర్చుంది. గోవర్ధనరావు ఏసుబాబు పక్కన ఓ మూల ఆనుకున్నాడు. ఆవిడ మెడ నిటారుగానే ఉంది. కోడలి వైపు చూసి మళ్ళీ నవ్వింది కూడా.

"వస్తానే. గడ్డి మళ్ళీ వేయించుకో. ఈసారి ప్లాస్టిక్‌ది వేయించు, ఉప్పు పట్టదు."

సుమతి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. తను కూడా నవ్వుతోంది.

"అత్తయ్యా, ఒక్క మాట చెప్పడం మర్చిపోయాను. నిమ్మచెట్టుకి కూడా పోశాను."

"ఏంటి?"

"మీ నీళ్ళే. పోనీలే, మావయ్యగారి చెట్టు గదా, దానికీ పూత బాగా రావాలని దాని మొదట్లో ఓ రెండు బిందెలు ఎక్కువే పోశాను. రోజూ."

సత్యవతమ్మ గోడ మీంచి చూసింది. పొద్దున కాయ కోసింది గానీ చెట్టుని చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆకులు దోసిళ్ళలా ముడుచుకున్నాయి. అంచులు ఎర్రబడ్డాయి. కింద రాలినవి రాలినట్టే పడి ఉన్నాయి.

నిటారు మెడ వాలిపోయింది.

"సుమతీ" అంది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఆవిడ కోడల్ని పేరు పెట్టి పిలవలేదు. "మంచినీళ్ళు వచ్చే వేళైంది తల్లీ. ఆ చెట్టు మొదట్లో పైపు పెట్టు. ఉప్పు కిందకి దిగిపోయేదాకా రోజూ పెట్టు. బతుకుతుంది. నేను రాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కను. గంగన్న మీద ఒట్టు. నీళ్ళు మాత్రం పెట్టు."

"అయ్యో, దానికేం అత్తయ్యా. ఇప్పుడే పెడతాను. మీరు చూస్తుండగానే."

సుమతి గేటు మూసి లోపలికి వెళ్ళింది. పంపులు గోడ చాటున ఉన్నాయి, ఆటోలోంచి కనపడవు. పంపు తిప్పిన చప్పుడు, పైపు గుటకలు వేసిన చప్పుడు, చెట్టు మొదట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించాయి.

"విన్నావా అమ్మా? పెట్టింది" అన్నాడు గోవర్ధనరావు. ఊపిరి పీల్చుకున్నాడు. "పోనివ్వు ఏసుబాబూ."

ఏసుబాబు తాడు లాగాడు. ఇంజను అందుకోలేదు. ఇంకోసారి లాగాడు.

మంచం ఎత్తున పోసిన మట్టిలో నీళ్ళు ఎక్కువసేపు నిలవలేదు. గోడ కింద తూములోంచి సన్నగా పాకుతూ వచ్చి ఆటో చక్రాన్ని తాకాయి.

సత్యవతమ్మ వంగింది. వేలు ముంచింది. నాలిక మీద పెట్టుకుంది.

ఇంజను అందుకుంది. ఆటో ఊగింది.

"ఆపు" అంది సత్యవతమ్మ.

"మళ్ళీ ఏంటమ్మా?" అన్నాడు కొడుకు.

రోజూ స్నానంలో నోటికి తగిలే ఆ బోరు ఉప్పుని రోడ్డు మీద ఉమ్మింది. గేటు వైపే చూస్తూ ఆటో దిగింది.

"మూట ఉండనీ ఏసుబాబూ" అంది. "కత్తిపీట దింపు."